రాతి వయస్సు నడిగిన రాబర్టు బ్రూస్ ఫుట్

మా ధర్మపురి సీమలో రాతికి కొదవ లేదు. పొలము దున్నిన రాయి, బావి త్రవ్విన రాయి, గట్టు వేసినను గడప పెట్టినను రాయియే. హొగేనకల్లు నొద్ద కావేరి దుముకుచున్నది కూడ రాతి మీదనే. ఈ రాళ్ళ వయస్సెంత యని యడిగినచో నేటి భూగర్భ శాస్త్రజ్ఞులు సుమారు 250 కోట్ల ఏండ్లని బదులు చెప్పగలరు. నూట అరువది ఏండ్లకు పూర్వము ఈ ప్రశ్నకు లోకములో నెవరి యొద్దను జవాబు లేదు. అట్టి కాలమున ఒకాయన ముప్పది మూడేండ్లు రాళ్ళ వెంట దక్షిణ దేశమెల్ల తిరిగెను. సంవత్సరముల లెక్క ఆయనకును చిక్కలేదు. అయినను ఆ లెక్క తరువాతి వారికి చిక్కుటకు వలసిన దానిని ఆయన వ్రాసి యుంచెను. ఆయన చరిత్రమును మా పత్రిక చదువరులకు తెలుపదలచితిమి.

రాబర్టు బ్రూస్ ఫుట్ 1834వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హాం పట్టణమున జన్మించెను. ఇరువది నాలుగేండ్ల వయస్సున, అనగా 1858లో, భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగిగా చేరి మద్రాసునకు వచ్చెను. ఆ శాఖ 1851లో ఏర్పడినది; థామస్ ఓల్ధాం దాని కధిపతి. ఏ తాలూకాలో ఏ రాయి యున్నది, దాని పైన నేది, క్రింద నేది యని చూచి పటము గీయుట ఫుట్ పని. ఒక సుత్తి, ఒక దిక్సూచి, ఒక పుస్తకము, ఒక గుఱ్ఱము, ఒక డేరా - ఇవి సాధనములు.

విలియం కింగ్ అను సహోద్యోగితో కలిసి ఆయన చేసిన తొలి పనులలో నొకటి మాకు దగ్గరిది. తిరుచిరాపల్లి, సేలం, దక్షిణ ఆర్కాడు జిల్లాలలోని కొన్ని భాగముల భూనిర్మాణమును గూర్చి వా రిరువురును వ్రాసిన గ్రంథము 1864లో వెలువడినది. అందు కంజమలై మొదలగు కొండల ఇనుపరాతి పొరల వర్ణన కలదు. ధర్మపురి అప్పుడు సేలం జిల్లాలోనిదే. 1965 అక్టోబరు 2వ తేదీన గాని ప్రత్యేక జిల్లా కాలేదు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతములు 2004లో మా నుండి విడివడి వేరొక జిల్లా యైనవి. ఫుట్ నాటి పటములలో ఈ సరిహద్దులేవియు లేవు.

ఆ దినములలో రాతి వయస్సు నెట్లు చెప్పుచుండిరో ముందు తెలిసికొనవలెను. పొరలు పొరలుగా నున్న రాళ్ళలో, తలక్రిందులు కానంతవఱకు, అడుగు పొర పెద్దది, పై పొర చిన్నది. ఒక రాతిని చీల్చుకొని వేరొక రాయి చొచ్చుకొనివచ్చినచో చొచ్చినది చిన్నది. దీనివలన వరుస తెలియును, వయస్సు తెలియదు. అన్నదమ్ములలో నెవడు పెద్దవాడో చెప్పవచ్చును గాని ఎవనికెన్ని యేండ్లో చెప్పలేము. సంవత్సరములలో చెప్పబూనిన వారు లేకపోలేదు. తరువాత కెల్విన్ ప్రభువని పేరొందిన విలియం థామ్సన్ 1862లో, భూగోళము చల్లారుట కెంత కాలము పట్టునో గణించి, దాని వయస్సు 2 కోట్ల నుండి 40 కోట్ల ఏండ్ల మధ్య నుండునని ప్రకటించెను. లెక్క సరియైనదే, భూమి లోపలి సంగతులే ఆ లెక్కకు చాలినంత తెలియవు. 2 కోట్లకును 40 కోట్లకును గల దూరమును చూచినచో ఆ కాలపు చీకటి యెంతటిదో తెలియగలదు.

మనుష్యుని వయస్సును గూర్చిన వివాదము ఇంకను తీవ్రమైనది. మానవుడు పుట్టి ఆరువేల ఏండ్లు మాత్రమే యైనదని ఐరోపాలో పలువురు విశ్వసించుచుండిరి. ఫ్రాన్సు దేశమున నదీతీరపు గులకరాళ్ళలో, అంతరించిన జంతువుల యెముకలతో పాటు, చెక్కిన రాతి పనిముట్లు దొరకినవని 1859లో ఆంగ్ల పండితులు స్వయముగా చూచి ఒప్పుకొనిరి. 1863 మొదట చార్లెస్ లయల్ ఈ విషయమును గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఈ వార్తలు మద్రాసులోని యువ శాస్త్రజ్ఞుని చెవిని పడినవి.

1863 మే 30వ తేదీన ఫుట్ మద్రాసు చెంతనున్న పల్లావరమునకు వెళ్ళెను. అచట సైనికుల కవాతు మైదానము ప్రక్కన కంకర కొఱకు త్రవ్విన గుంటలో, ఎఱ్ఱని లేటరైటు గులకల నడుమ ఆయన కొక రాయి కనబడెను. అది నీటి ఒరపిడికి నున్ననైన రాయి కాదు. దెబ్బ మీద దెబ్బ కొట్టి, పెచ్చులూడగొట్టి, మనుష్యుడు అంచు తీర్చిన రాయి. భారతదేశమున మొట్టమొదట గుర్తింపబడిన ప్రాచీన శిలాయుగపు పనిముట్టు ఇదియే. ఆ దినమున గుంటలో దిగిన కూలివాండ్రకు అట్టి రాళ్ళు అంతకుముందు వందలు తగిలి యుండవచ్చును. అడిగినవాడు లేడు.

అటు పిమ్మట నాలుగు నెలలకు, సెప్టెంబరు 28వ తేదీన, ఫుట్, కింగ్ కలిసి మద్రాసునకు వాయవ్యముగా కొర్తలయారు లోయలోని అత్తిరంపాక్కము నొద్దకు చేరిరి. అచట వాగు కోసిన గట్టులలో చేతిగొడ్డళ్ళు మిక్కుటముగా దొరకెను. వీనిని గూర్చిన ఆయన వ్యాసము 1866లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో అచ్చయినది.

ఇచట ఫుట్ చేసిన దేమియో జాగ్రత్తగా చూడవలెను. కోస్తాలోని ఆ లేటరైటు సముద్ర జలములో పేరుకొన్నదని ఆయన తలచెను. కావున ఆ పనిముట్లు చేసిన నాటికి తీరము వేఱుగ నుండెననియు ఊహించెను. ఆ ఊహ తరువాతి పరిశోధనకు నిలువలేదు. కాని ఏ గుంటలో, ఏ పొరలో, ఏ మట్టి క్రింద ఏ రాయి యుండెనో ఆయన వ్రాసినది చెక్కుచెదరలేదు. కన్నులతో చూచినదానిని ఒకచోటను, మనస్సుతో ఊహించినదానిని వేరొకచోటను వ్రాయు అలవాటు ఆయనకుండెను. ఊహలు పోయినను పుస్తకము మిగిలినది అందుచేతనే.

తరువాతి యేండ్లలో ఫుట్ సంచారము కృష్ణ మొదలు మధుర వఱకు వ్యాపించినది. కృష్ణాతీరము, దక్షిణ మహారాష్ట్రము, బళ్ళారి - ఒక్కొక్క దానిపై ఒక్కొక్క గ్రంథము. ఆయన పేరు భూగర్భ శాస్త్రమున నిలిపినది ధార్వాడ శిలావర్గ నిర్ణయము. అప్పటి వఱకు దక్షిణాపథపు పాత రాళ్ళన్నియు ఒక్క ముద్దగా లెక్కింపబడుచుండెను. వానిలో నైస్ అను చారల రాయి వేఱు, ఆకుపచ్చని పలకరాతి పట్టీలు వేఱని ఆయన 1880 తరువాతి దశకమున విడదీసి చూపి, ఆ పట్టీలకు ధార్వాడ మని పేరు పెట్టెను. దక్షిణ దేశపు బంగారమంతయు ముఖ్యముగా ఈ పట్టీలలోనే యున్నదనియు చెప్పెను. మా పొరుగునే యున్న కోలారు బంగారు గనులు అట్టి పట్టీలోనివే. ఆ పట్టీ రాళ్ళు సుమారు 270 కోట్ల ఏండ్ల నాటివని ఇప్పటి లెక్క. గనులు 2001లో మూతపడినవి.

తెలుగు నాట ఆయన త్రవ్వించినవి అప్పటి కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గం గుహలు. 1884, 1885 సంవత్సరములలో ఆ గుహలలోని మట్టిని పొరవెంట పొరగా తీయించెను. సైన్యమున లెఫ్టెనెంటుగా నుండిన ఆయన కుమారుడు హెన్రీ ఆ పనిని ముందుండి నడపెను. పలు జంతువుల యెముకలు బయల్పడినవి.

బళ్ళారి ప్రాంతమున బూడిద దిబ్బలు కలవు. వానిని గూర్చి రాక్షసుల కథలు చెప్పుకొనెడివారు. అగ్నిపర్వతపు బూడిద యన్న పండితులును ఉండిరి. ఇది పశువుల పేడ కాలిన బూడిద యని, నూతన శిలాయుగపు పశుపాలకులది యని ఫుట్ చెప్పెను. మన పల్లెలలో పిడకల పొయ్యి చూచినవారికి ఇది వింతగా తోచదు గాని ఆ కాలపు విద్వాంసులకు తోచలేదు! 1957లో అప్పటి మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ అను శాస్త్రజ్ఞుడు త్రవ్వగా ఫుట్ మాటయే నిజమైనది. అచటి బొగ్గును కార్బన్-14 పద్ధతిని పరీక్షింపగా అది క్రీస్తు పూర్వము మూడవ సహస్రాబ్ది నాటిదని తేలినది.

1891లో ప్రభుత్వోద్యోగము నుండి విరమించిన పిమ్మట ఫుట్ బరోడా సంస్థానమునకును, మైసూరు సంస్థానమునకును భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. గుజరాతున సబర్మతీ తీరమున పాత రాతియుగపు గులకల పైన ఒండ్రును, గాలికి కొట్టుకొనివచ్చిన మన్నును బహు మందముగా పేరుకొని యుండుట చూచి, పాత రాతియుగమునకును క్రొత్త రాతియుగమునకును నడుమ మిక్కిలి దీర్ఘమైన కాలము గడచి యుండవలెనని ఆయన నిశ్చయించెను. ఎన్ని యేండ్లని మాత్రము చెప్పలేకపోయెను. మన్ను పేరుకొను వేగము నెవరు కొలిచిరి?

వార్ధక్యమున ఆయన నివాసము మాకు దక్షిణముననే యున్న షెవరాయి కొండలపై, ఏర్కాడులో. ఆ కొండలలో నున్నని రాతిగొడ్డళ్ళు పలుచోట్ల దొరకును. పొలములో కనబడిన అట్టి రాళ్ళను జనులు తెచ్చి వినాయకుని గుడిలో నుంచి కొలుచుట కలదు. ఫుట్ అట్టివానిని కూడ లెక్కలోనికి తీసికొనెను గాని, అవి తమ తొలి చోటు తప్పిన రాళ్ళని ఆయనకు తెలియును. చోటు తప్పిన రాయి ఎంత అందమైనదైనను కాలమును గూర్చి సాక్ష్యమీయదు. మా ప్రాంతమున నేడు గుట్టలు గుట్టలుగా గ్రానైటు కొట్టుకొనిపోవుచుండగా పాతకాలపు రాతి సమాధులు కూడ అక్కడక్కడ చెదరిపోవుచున్నవి. ఈ సంగతి అడిగినవాడు లేని పల్లావరపు గుంటను మాకు జ్ఞప్తికి తెచ్చుచుండును.

నాలుగు వందలకు పైగా స్థలములనుండి ఆయన సేకరించిన వస్తువులు 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమున చేరినవి. వాని పట్టికను ఆయన స్వయముగా తయారు చేసెను. అది అచ్చులో చూచుటకు ఆయన ఉండలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో మరణించెను. పట్టిక 1914లోను, వస్తువుల వయస్సును వ్యాప్తిని గూర్చిన వివరణ 1916లోను వెలువడినవి.

ఫుట్ ఎదుట మూసియుండిన తలుపు ఆయన జీవించి యుండగనే కొంత తెఱచుకొన్నది. 1896లో రేడియోధార్మికత కనుగొనబడినది. కొన్ని పరమాణువులు తమంతట తాము, ఒక నియతమైన వేగమున, వేరొక ధాతువుగా మారుచుండును; యురేనియం సీసమగును, ఒక విధమైన పొటాసియం ఆర్గాన్ వాయువగును. రాయి గట్టిపడిన నాటినుండి ఈ మార్పు రాతిలోపల గడియారమువలె నడచుచుండును. మారినదెంత, మారకుండ మిగిలినదెంత యని కొలిచినచో ఏండ్లు తెలియును. 1911లో ఆర్థర్ హోమ్స్ అను ఇరువది యొకటేండ్ల యువకుడు యురేనియం, సీసముల పాళ్ళను బట్టి రాళ్ళ వయస్సులు ప్రకటించెను. ధర్మపురి రాళ్ళ 250 కోట్ల ఏండ్లు ఈ త్రోవనే తెలిసినవి.

అయినను పల్లావరపు రాతిగొడ్డలికి ఇది చాలదు. గొడ్డలి చెక్కిన రాయి ఎప్పటిదో యురేనియం చెప్పును. ఆ రాతిని మనుష్యుడెప్పుడు చెక్కి పారవేసెనో చెప్పదు. కార్బన్ పద్ధతి ఏబదివేల ఏండ్లకు మించి పోలేదు. వేరొక గడియారము కావలసి వచ్చెను. అది ఆకాశము నుండి దొరకినది.

అంతరిక్షమునుండి విశ్వకిరణములు ఎడతెగక భూమిపై పడుచుండును. నేల మీద పడియున్న తెల్లని క్వార్ట్‌జు రాతికి అవి తగిలినపుడు దానిలో బెరీలియం-10, అల్యూమినియం-26 అను అరుదైన పరమాణువులు బహు స్వల్పముగా పుట్టును. ఎంత కాలము వెలుగున నున్న అంత ఎక్కువ. ఆ రాయి లోతుగా పూడిపోయినచో క్రొత్తవి పుట్టుట ఆగును; ఉన్నవి తరుగ నారంభించును. అల్యూమినియం సుమారు 7 లక్షల ఏండ్లలో సగమగును. బెరీలియం సగమగుటకు దాదాపు 14 లక్షల ఏండ్లు పట్టును. రెండును ఒకే వేగమున తరుగవు గనుక, వాని నిష్పత్తిని బట్టి రాయి ఎప్పుడు పూడినదో లెక్కింపవచ్చును. అత్తిరంపాక్కమున 1999 నుండి జరిగిన త్రవ్వకములలో అడుగు పొరల నుండి తీసిన రాతి పనిముట్లను ఈ విధముగా పరీక్షించి, అవి సుమారు 15 లక్షల ఏండ్ల నాటివని 2011లో ప్రకటించిరి. పై పొరలలోని మఱియొక తీరు పనిముట్లు సుమారు 3 లక్షల 85 వేల ఏండ్ల నాడు మొదలైనవని, మన్నులోని రేణువులు వెలుగును చివఱిసారి చూచిన కాలమును కొలిచి, 2018లో చెప్పిరి. ఆ త్రవ్వకమునకు చోటు చూపినది 1863 నాటి ఫుట్ వ్రాతయే. ధర్మపురి, కృష్ణగిరి సీమ కూడ వెనుకబడలేదు. మయిలాడుంపాఱైలో దొరకిన ఇనుము క్రీస్తు పూర్వము 2172 నాటిదని 2022లో తెలిసినది.

ఇక నొక విచిత్రము. ఫుట్ అత్తిరంపాక్కమున పని ముగించిన రెండేండ్లకు, 1865 ఆగష్టు 25వ తేదీన, బీహారులోని గయ జిల్లాలో షేర్‌ఘాటీ యను ఊరి నొద్ద ఆకాశమునుండి సుమారు 5 కిలోల రాయి పడెను. దానిలో పెద్ద ముక్క కలకత్తాలో ఫుట్ పనిచేయు శాఖవారి సేకరణములోనే చేరినది. నూరేండ్లకు పైగా అది ఉల్క యని మాత్రమే తెలియును. 1976లో వైకింగ్ నౌకలు కుజగ్రహముపై దిగి అచటి గాలిని పరీక్షించినవి. అంటార్కిటికా మంచులో దొరకిన అదే జాతి ఉల్కలోని గాజు బుడగలలో ఆ గాలియే బంధింపబడి యున్నదని 1983లో కనుగొనిరి. కనుక షేర్‌ఘాటీ రాయి కుజుని రాయి! పరమాణువుల గడియారముతో చూచి అది కరగిన లావా నుండి గట్టిపడి 17 కోట్ల ఏండ్లకు దగ్గరగా నైనదని పలువురు చెప్పుచున్నారు; దీనిపై వాదములు కూడ జరిగినవి. విశ్వకిరణముల గడియారము మాత్రము, అది కుజుని విడిచి అంతరిక్షమున తిరిగిన కాలము ముప్పది లక్షల ఏండ్లకు మించదని సూచించుచున్నది. అయినను ఈ రాతిలోను లోపమొకటి కలదు. కుజునిపై ఏ కొండనుండి, ఏ పొరనుండి ఊడివచ్చినదో దాని మీద వ్రాసిలేదు. అదియు గుడిలోని రాతిగొడ్డలి వంటిదే.

కుజునిపైని నేలల వయస్సును కనుగొనుటకు శాస్త్రజ్ఞులు తొలుత ఫుట్ నడచిన త్రోవనే నడచిరి. 1971 నుండి వచ్చిన ఛాయాచిత్రములలో ఏది అడుగు, ఏది పైది యని చూచి, నోయేకియను, హెస్పీరియను, అమెజోనియను అని మూడు యుగముల వరుస ఏర్పరచిరి. ఉల్కలు పడి ఏర్పడిన గుంటలు ఎక్కువగా నున్న నేల పాతది, తక్కువగా నున్నది క్రొత్తది. 1969 నుండి 1972 వఱకు చంద్రుని మీదనుండి తెచ్చిన రాళ్ళ వయస్సును, ఆ చోట్లనున్న గుంటల లెక్కను సరిపోల్చి, కుజుని గుంటలకును ఏండ్లు అంచనా వేసిరి. ఈ లెక్క గట్టిది కాదు. చంద్రునిపై పడినన్ని ఉల్కలే కుజునిపై పడెననుటకు లేదు. పైగా అచట గాలి కలదు, ఇసుక కలదు, అవి గుంటలను పూడ్చును, అరగదీయును. పూడిన నేల వయస్సు తక్కువగా కనబడును.

రాతిని రాతి చోటనే అడుగవలెను. 2012 ఆగష్టులో గేల్ అను పెద్ద బిలమున దిగిన క్యూరియాసిటీ బండి మఱుసటి యేడు కంబర్లండ్ అని పేరు పెట్టిన బురదరాతిని తొలిచి, పొడిని తన లోపలి పొయ్యిలో కాల్చి, వెలువడిన వాయువులను తూచెను. పొటాసియం, ఆర్గాన్ పాళ్ళను బట్టి ఆ రాతి రేణువుల వయస్సు 421 కోట్ల ఏండ్లు, 35 కోట్లు అటునిటుగా. విశ్వకిరణముల వలన పుట్టిన హీలియం, నియాన్, ఆర్గాన్లను బట్టి ఆ రాయి బయటపడి 7 కోట్ల 80 లక్షల ఏండ్లు, 3 కోట్లు అటునిటుగా. అనగా పురాతనమైన కొండల పొడి నీటితో కొట్టుకొనివచ్చి చెఱువు అడుగున బురదగా పేరుకొన్నది, రాయి యైనది, మీద మఱికొన్ని పొరలు కప్పినవి. ఆ పొరలను గాలి కోట్ల యేండ్లుగా అరగదీసి మరల దానిని వెలికి తెచ్చినది. పుట్టిన కాలము నొక గడియారమును, బయటపడిన కాలము నింకొక గడియారమును చెప్పినవి. వేరొక గ్రహము మీద, రాయి యున్న చోటనే, రాతి వయస్సు కొలుచుట అదియే మొదటిసారి. అత్తిరంపాక్కపు గొడ్డలిపై పడిన కిరణములకును, కంబర్లండ్ రాతిపై పడిన కిరణములకును భేదము లేదు.

2021 ఫిబ్రవరిలో కుజునిపై దిగిన పెర్సివరెన్స్ బండి రాతి ముక్కలను తొలిచి నాళికలలో మూసి యుంచినది. ఏ నాళికలోని ముక్క ఏ బండనుండి, ఏ పొరనుండి తీసినదో పటములతో సహా లెక్క వ్రాసి యున్నది. అవి భూమికి ఎన్నడు చేరునో ఇంకను నిశ్చయము కాలేదు.